గౌతమి ముఖాన పాత రేవులు

కాకినాడనుంచి దక్షిణంగా యానాం వెళ్ళే బాట 30 కిలోమీటర్లకు మించదు. చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు, నీలపల్లి, ఇంజరం మొదలైన గ్రామాలు ఆ బాటమీదనో, దానికి కొద్ది దూరంలోనో ఉన్నవి. ఒక వైపు వరిచేలు, కొబ్బరితోటలు. రెండవ వైపు చేపల చెరువులు, ఉప్పుటేళ్ళు, వాటి వెనుక నల్లని గీత గీచినట్లు మడ అడవి. సెలవుదినాలలో ఇక్కడికి వచ్చే యాత్రికులు చాలమంది అడవిలో వేసిన చెక్కబాటమీద కొంతదూరం నడచి, పడవలో కొంతసేపు తిరిగి, సాయంకాలానికి ఇల్లు చేరుకొంటారు. ఇంకా చూడదగినవి ఏమున్నవని వారడిగితే, స్థానికులుకూడ వెంటనే జవాబు చెప్పలేరు. చెప్పుకొనదగిన కోట లేదు. సమీపాన ఉన్న ద్రాక్షారామంలోవలె శాసనాలు చెక్కిన స్తంభాలు లేవు. శిథిలమైన రాజప్రాసాదాలు లేవు.

అట్లని ఈ తీరానికి చరిత్ర లేదనుకొనరాదు. బర్మాదేశంలో తెలుగువారందరికీ పేరుగా నిలిచిన ఊరు ఇక్కడ ఉన్నది. వాతావరణశాస్త్ర చరిత్రలో ఒక అధ్యాయానికి ఆధారమైన గాలివాన ఇక్కడ వీచినది. యూరపు జాతులవారు ఈ ఏటిగట్లమీద వర్తకశాలలు కట్టి, వాటికోసం ఒకరితో ఒకరు పోరాడినారు. ఇంత జరిగిన చోట కంటికి కనిపించేది ఇంత స్వల్పంగా ఎందుకున్నది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసికొన్నవారికి ఈ తీరం వేరుగా కనిపిస్తుంది.

సమాధానం గోదావరిలోనే ఉన్నది. ధవళేశ్వరం దాటిన తరువాత నది గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలిపోతుంది. తూర్పుగా వచ్చే గౌతమి యానాం దాటి సముద్రంలో కలుస్తుంది. కోరంగి ఏరు ఆ గౌతమినుంచి ఉత్తరంగా చీలి కాకినాడ అఖాతం వైపు సాగిపోయే పాయ. నది యేటేట తెచ్చే ఒండ్రు సముద్రముఖాన పడుతుంది. కెరటాలు, తీరప్రవాహాలు అందులోని ఇసుకను ఉత్తరానికి నెట్టుకొనిపోతవి. ఆ విధంగా పేరుకొన్న ఇసుకమేటయే హోప్ దీవి. సుమారు 16 కిలోమీటర్ల పొడవున అది కొడవలివలె వంగి, కాకినాడ అఖాతానికి అడ్డుగోడయై నిలిచి ఉన్నది. అది గడచిన 200 సంవత్సరాలలో ఏర్పడిన నేల అని శాస్త్రజ్ఞులు చెప్పుతారు. మన దేవాలయాలలో అనేకం ఈ దీవికంటె ఎన్నో రెట్లు పురాతనమైనవి. ఇక్కడ రాయికంటె నేల చిన్నది.

ఆ దీవి వెనుక నీరు నిశ్చలంగా ఉంటుంది కనుకనే కాకినాడ నౌకాశ్రయం వర్ధిల్లినది. కాని దీవిని కట్టిన ఒండ్రే కోరంగి ఏటిని పూడ్చివేసినది. రేవును ఇచ్చిన నదియే రేవును తిరిగి తీసికొన్నది. డెల్టాలో చరిత్ర చెరిగిపోవడానికి ఇది మొదటి కారణం. ఓడరేవు శిథిలమైతే గోడలైనా మిగులుతవి. ఓడరేవు పూడిపోతే దానిమీద పైరు పండుతుంది, లేక అడవి మొలుస్తుంది.

కోరంగి ఒకప్పుడు సామాన్యమైన రేవు కాదు. తూర్పుతీరంలో చాలభాగం ఓడలు నేలకు చేరుకొనలేనిది. తీరానికి దూరంగా లంగరు వేసి, సరుకును చిన్న పడవలలోనికి దించుకొనవలసినదే. అటువంటి తీరంలో కోరంగి ఏరు ఓడలకు నిజమైన ఆశ్రయం. కలకత్తాకూ, సింహళంలోని త్రింకోమలికీ నడుమ పెద్ద ఓడలను లోపలికి చేర్చి బాగుచేయగల తావు ఇది ఒక్కటే అని ఒకప్పుడు ప్రసిద్ధి. ఇక్కడ ఓడలు బాగుచేసేవారు, కొత్త ఓడలు కట్టేవారు. కొండలనుంచి గోదావరి మీదుగా తెప్పలు కట్టి తెచ్చిన కలప, తరతరాలుగా ఆ పని నేర్చిన వడ్రంగులు, కమ్మరులు, తెరచాపలు కుట్టేవారు, ఓడ నడిపే కళాసులు, ఈ సంపద అంతా ఏటిగట్టున ఒకచోట చేరినది. పక్కనున్న తాళ్ళరేవు తన పేరులోనే రేవును నిలుపుకొన్నది. ఏరు లోతు తగ్గుతున్నకొలదీ వర్తకం కాకినాడకు తరలిపోయినది. 1861నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగి, ఇంగ్లండు మిల్లులకు అక్కడి ప్రత్తి రావడం నిలిచిపోగా, మన ప్రత్తికి గిరాకి పెరిగి కాకినాడ రేవు ఒక్కసారిగా పుంజుకొన్నది. కోరంగి గ్రామంగా మిగిలినది.

అయితే ఒండ్రు నెమ్మదిగా చేసిన పనిని సముద్రం రెండుసార్లు ఒక్కొక్క దినంలో చేసినది. 1789 డిసెంబరులో గాలివానతోపాటు మూడు మహాతరంగాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కోరంగిమీద పడినవని ఆనాటి వృత్తాంతాలు చెప్పుతున్నవి. మొదటి తరంగం రేవులోని ఓడలను ఊరిలోనికి తోసినదట. తరువాతివి ఊరినే ముంచివేసినవట. 20 వేలమంది మరణించినారని చెప్పుకొన్నారు. అక్కడ మిగిలినవారు మరల ఇండ్లు కట్టుకొన్నారు. ఓడలు మరల వచ్చినవి. సరిగా 50 సంవత్సరాలు తిరిగేసరికి, 1839 నవంబరు 25వ తేదీన, రెండవ ఉప్పెన వచ్చినది. నీరు 40 అడుగుల ఎత్తున లేచినదనీ, మూడు లక్షలమంది చనిపోయినారనీ అనేక గ్రంథాలలో కనిపిస్తుంది. ఆ కాలంలో జనాభా లెక్కలు లేవు. మద్రాసు రాజధానిలో క్రమమైన జనగణన 1871లోగాని జరుగలేదు. కనుక ఆ సంఖ్యను లెక్కగా గాక, బ్రతికి బయటపడినవారి భయానికి కొలతగా గ్రహించడం న్యాయం.

మన భాషలో గాలివాన వేరు, ఉప్పెన వేరు. ఈ భేదాన్ని తీరవాసులు శాస్త్రజ్ఞులకంటె ముందే గుర్తించినారు. గాలి ఇంటికప్పును లేపుతుంది. ఉప్పెన ఊరిని తుడిచివేస్తుంది. సముద్రంమీద వాయుపీడనం తగ్గి, సుడిగాలి నీటిని తీరంవైపు తోసినప్పుడు, తీరపు నీరు లోతు తక్కువైనకొలదీ ఆ నీటికి పోవడానికి చోటుండక పైకి లేస్తుంది. ముందున్న నేల కేవలం ఒకటి రెండు మీటర్ల ఎత్తున ఉన్న డెల్టా అయితే, దానిని ఆపేది ఏదీ ఉండదు. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినది ఇదే.

కలకత్తాలో నౌకావిచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడుగా ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు 1839నాటి కోరంగి గాలివానను ప్రత్యేకంగా పరిశోధించినాడు. బంగాళాఖాతంలో ఆ దినాలలో తిరిగిన ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి, ఏ ఘడియలో ఏ ఓడకు ఏ దిక్కునుంచి గాలి వీచినదో పటంమీద గుర్తించుకొంటూ పోయినాడు. గాలి తిన్నగా రాక, ఒక కేంద్రం చుట్టూ తిరుగుతూ ముందుకు సాగుతున్నదని అటువంటి పరిశోధనలవల్ల తేటపడినది. పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు పదంనుంచి ఆయన ‘సైక్లోన్’ అనే మాటను కల్పించి, నావికులకోసం 1848లో ప్రకటించిన గ్రంథంలో ప్రచారంలోనికి తెచ్చినాడు. ఆ మాట ఒక్క కోరంగినుంచే పుట్టినదని చెప్పలేము. ఆయన మరి ఎన్నో గాలివానలను పరిశీలించినాడు. కాని ఆ విద్యకు మూల్యం చెల్లించినవారిలో మన కోరంగివారున్నారు. నేడు తుపాను హెచ్చరిక విని పల్లెలు ఖాళీ చేసి ప్రాణాలు దక్కించుకొంటున్నామంటే, ఆ హెచ్చరిక వెనుకనున్న శాస్త్రంలో ఈ తీరపు కన్నీరు కొంత కలిసి ఉన్నది.

కోరంగి పేరు మరొక విధంగాకూడ దేశాంతరాలకు పోయినది. పందొమ్మిదవ శతాబ్దిలో బర్మాలో వరిసాగు, మిల్లులు, రేవులు పెరిగినప్పుడు గోదావరి, విశాఖపట్నం మండలాలనుంచి వేలాదిగా తెలుగువారు కూలికి ఓడ యెక్కినారు. మన పల్లెలలో దానిని ‘రంగం వెళ్ళడం’ అనేవారు. రంగూనువారు ఆ తెలుగువారినందరినీ వారు బయలుదేరిన రేవు పేరుతో ‘కోరంగీలు’ అని పిలిచినారు. పోయినవారిలో ఎక్కువమందికి కోరంగి సొంత ఊరు కాకపోవచ్చును. ఓడ యెక్కిన చోటే వారికి ఇంటిపేరైనది. మారిషస్ దీవిలోని తెలుగువారికికూడ అదే పేరు వచ్చినది. ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ 1843లో ఈ రేవునుంచి తెలుగువారిని ఆ దీవికి చేర్చినది. 1839 ఉప్పెనకూ ఆ సంవత్సరానికీ నడుమ నాలుగేండ్లే ఉన్నవని గుర్తుంచుకొంటే, ఓడ యెక్కినవారి మనఃస్థితిని కొంత ఊహించవచ్చును. 1942లో జపానువారు రంగూను పట్టుకొన్నప్పుడు బర్మాలోని మనవారు అడవులవెంట, కొండలవెంట కాలినడకను స్వదేశానికి మరలవలసి వచ్చినది. ఆ దారిలో ప్రాణాలు పోగొట్టుకొన్నవారు అనేకులు.

కోరంగి ఓడల ఊరైతే, దాని పొరుగున ఉన్న ఇంజరం, నీలపల్లి, యానాం బట్టల ఊళ్ళు. సన్నని నేతబట్టకోసమే విదేశీయులు ఈ ఏటిముఖాలను వెదకుకొంటూ వచ్చినారు. ఆంగ్లేయులు 1708లో ఇంజరంలో వర్తకశాల పెట్టినారు. ఫ్రెంచివారు 1723లో యానాంలో స్థిరపడి, లాభం లేదని 1727లో విడిచిపోయి, 1731లో తిరిగి వచ్చినారు. 1757లో బుస్సీ ఇంజరాన్ని పట్టుకొన్నాడు. తరువాత ఆంగ్లేయులు యానాంను పట్టుకొన్నారు. యూరపులో యుద్ధం వచ్చినప్పుడెల్ల ఇక్కడ జెండా మారినది. జెండాలకోసం పోరాడినవారి పేర్లు గ్రంథాలలో ఉన్నవి. మగ్గంమీద కూర్చున్నవారి పేర్లు లేవు. అయినా వారి పని ఒక మాటలో మిగిలినది. గోదావరి పడమటి పాయ అయిన వశిష్ఠ ఒడ్డున, నరసాపురం పక్కన మాధవాయపాలెం అనే పల్లె ఉన్నది. అక్కడినుంచి ఎగుమతి అయిన బట్టకు యూరపులో ‘మడపొల్లం’ అని పేరు వచ్చి, ఆ పదం నేటికీ ఫ్రెంచి, ఆంగ్ల నిఘంటువులలో నిలిచి ఉన్నది. తరువాత ఇంగ్లండు మరబట్ట వచ్చి పడగా కుంఫిణీ వర్తకశాలలు మూతపడినవి; నేతగాండ్ర బ్రతుకు చితికినది. పల్లె పేరుతో బట్ట మాత్రం మాంచెస్టరులోకూడ నేయబడినది.

యానాం కథ అక్కడితో ఆగలేదు. నాలుగు వైపులా ఆంగ్లేయ పాలన ఉన్న నడుమ ఫ్రెంచి చట్టం నడచిన చిన్న ఊరు కనుక, అక్కడి మంగళవారం సంతకు విదేశపు సరుకులకోసం చుట్టుపక్కల గ్రామాలవారు పోయేవారు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో 1930లో అమలులోనికి రాగా, దానిని తప్పించుకొనడానికి పెండ్లివారు బండ్లు కట్టుకొని యానాంలో దిగేవారు. ఆ ఊరికి కళ్యాణపురమని పేరు వచ్చినది. వినడానికి వినోదంగా ఉన్న ఈ పేరు వెనుక ఎందరు చిన్నపిల్లల బ్రతుకులున్నవో కూడ తలచుకొనవలెను. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినది. నేడు యానాం పుదుచ్చేరిలో ఒక భాగం. భాష తెలుగు, నీరు గోదావరి, పాలన పుదుచ్చేరి. ఊరి నడుమ నిలిచిన ఫ్రెంచికాలపు చర్చి, ఏటిగట్టు, ఆవల ఒడ్డుకు పోయే బాలయోగి వంతెన, చూడవచ్చినవారికి ఒక పూటకు సరిపోతవి.

ఈ తీరానికి యాత్ర కొత్తది కాదు. సప్తసాగర యాత్ర అని పాతకాలంనుంచి ఒక ఆచారం ఉన్నది. గోదావరి ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుందనీ, ఒక్కొక్క పాయను ఒక్కొక్క ఋషి తెచ్చినాడనీ విశ్వాసం. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో తుల్యభాగ సంగమాన స్నానం చేసి, కోరంగిలో ఆత్రేయ పాయను, ఆపైన గౌతమిని సేవించుకొంటూ తీరం వెంట దక్షిణంగా సాగి, మాఘ శుద్ధంలో అంతర్వేదిలో వశిష్ఠా సంగమాన నరసింహస్వామి సన్నిధిలో యాత్ర ముగించేవారు. ఆ యాత్రికులకు నమ్మకంతోపాటు భూగోళంకూడ తెలియవచ్చేది. ఏ పాయ ఎక్కడ పుట్టినది, ఎక్కడ సన్నగిల్లినది, ఎక్కడ దాటవలెను, ఈ జ్ఞానమంతా కాళ్ళకు తెలిసిన జ్ఞానం. పాయ పూడి కాలువవలె మిగిలినచోటకూడ స్నానం మానలేదు, పేరు మరవలేదు. నది స్థలం మార్చుకొన్నా, స్మృతి స్థలం మార్చుకొనలేదు. నేటి విహారయాత్రికుడు ఆ వృద్ధులనుంచి నేర్చుకొనవలసినది ఇదే.

ఇక మడ అడవి సంగతి. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడినది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలైన చెట్లు ఉప్పునీటిలో వేరూని, రోజుకు రెండుసార్లు వచ్చే పోటుపాటులకు అలవాటుపడి బ్రతుకుతున్నవి. వాటిలో కొన్ని బురదలోనుంచి మేకులవలె పైకి పొడుచుకొని వచ్చే వేళ్ళతో గాలి పీల్చుకొంటవి. చేపల పిల్లలు, రొయ్యల పిల్లలు ఆ వేళ్ళ సందులలోనే పెరుగుతవి. నీటిలో దిగి చేపపట్టే బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడ నివసిస్తున్నవి. హోప్ దీవి ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తవి. చూడవచ్చినవారు పోటుపాటుల వేళ తెలిసికొని వస్తే మంచిది. పోటువేళ పడవ సులభంగా సాగుతుంది. పాటువేళ వేళ్ళు, పీతలు, పక్షులు బాగుగా కనిపిస్తవి.

కాని ఈ అడవి వినోదానికి మాత్రమే కాదు. చిక్కగా పెరిగిన వేళ్ళు కెరటం విసురును తగ్గించి, ఒండ్రును పట్టి నిలుపుతవి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన పెనుతుపానులో వేయిమందికి పైగా మరణించినారు. కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగినవి. అటువంటి దినాన మడ అడవి ఊరికీ, సముద్రానికీ నడుమ నిలిచే కాపరి. అది మనిషి కట్టిన గోడ కాదు కనుక పగిలినా తిరిగి పెరుగుతుంది. అయితే దానిని పెరగనివ్వవలెను. వంటచెరకుకోసం, చెరువులకోసం నరికిన చోట్ల నీరు నిలిచి నేల చవుడైపోయినది. అటువంటి చోట చేపముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వి, పోటునీరు వచ్చి పోయేటట్లు చేసి మొక్కలు నాటితే అడవి మరల లేచినది. ఆ పనిలో తీరగ్రామాలవారే కూలీలు, వారే కావలివారు.

కాబట్టి ఈ తీరాన చూడదగినవి ఏమున్నవి అనే ప్రశ్నకు ఇట్లా సమాధానం చెప్పవచ్చును. ఇక్కడ కట్టడాలు నేలమీద లేవు, పేర్లలో ఉన్నవి. వాటిని తెలిసినవారు చెప్పితేనే వినవచ్చినవారికి అందుతవి. రంగంనుంచి వచ్చిన ఉత్తరాలు, ఓడ కట్టినవారి ఇంటిపేర్లు, తెరచాప తాళ్ళకూ, కొయ్యలకూ, గాలులకూ, పోటుపాటులకూ ముసలివారు వాడే మాటలు ఈ గ్రామాలలో ఇంకా దొరికినంతవరకు పోగుచేయవలెను. అందుకు పెద్ద ధనం అక్కరలేదు. ప్రతి గ్రామంలో ఒక ఉపాధ్యాయుడు, నలుగురు విద్యార్థులు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలును. కోరంగి ఏటిగట్టున ఒక రాయి నిలిపి, దానిమీద 1789, 1839 అనే రెండు సంవత్సరాలు, వాటి కింద రెండు వాక్యాలు తెలుగులో చెక్కించితే, పడవ యెక్కబోయే పిల్లవాడు ఒక నిమిషం ఆగి చదువుతాడు. తండ్రిని ఒక ప్రశ్న అడుగుతాడు.

నది నేలను మార్చుతుంది, సముద్రం రేవులను తీసికొనిపోతుంది. వాటిని మనం ఆపలేము. కాని ఇక్కడివారు ఎట్లా బ్రతికినారో, ఎట్లా మునిగినారో, మరల ఎట్లా ఇండ్లు కట్టుకొన్నారో పిల్లలకు చెప్పకుండా ఊరుకొంటే, ఆ లోపం నదిదీ కాదు, సముద్రానిదీ కాదు.